రాష్ట్రము దాటిన రోగి – ఫోనులోని వైద్యుడు

మన పూర్వవైద్యులు రోగిని ఎనిమిది విధముల పరీక్షింపవలెనని చెప్పిరి. నాడి, మూత్రము, మలము, నాలుక, కంఠధ్వని, స్పర్శ, కన్నులు, ఆకారము – ఈ ఎనిమిదింటిని చూచిన పిదపనే మందు ఇయ్యవలెనని వారి నియమము. దీనికి అష్టస్థాన పరీక్ష అని పేరు. నేడు టెలిఫోనులో రోగితో మాటలాడు వైద్యునికి ఈ ఎనిమిదింటిలో కంఠధ్వని ఒక్కటియే దక్కును. బొమ్మ కనిపించు ఫోనైనచో నాలుకయు, కన్నులును, ఆకారమును కూడ దక్కును. మూత్రపరీక్ష ఫలితమును కాగితముపై తెప్పించుకొనవచ్చును. ముంజేతి గడియారము నాడిని లెక్కపెట్టి చెప్పునేమో గాని, పొట్టపై చేయివేసి నొప్పి ఎచ్చటనున్నదో చూచు పని ఎంత మంచి ఫోనునకైనను చేతకాదు.

అందుచేత ఫోనులో జరుగునది వైద్యమే కాదని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని దగ్గరనున్న వైద్యునికి రోగి భాష తెలియక, రోగి భాష తెలిసిన వైద్యుడు వందల మైళ్ల దూరమున ఉన్నప్పుడు ఆ రోగి ఏమి చేయవలెను? దగ్గరి వైద్యుడు అతని పొట్టను తాకగలడు. అతడు చెప్పునది వినలేడు. దూరపు వైద్యుడు వినగలడు, తాకలేడు. ఇద్దరును సగము వైద్యులే. ఈ రెండవ సగమును చట్టము ఎంతవరకు అంగీకరించుచున్నది, ఏ ఎల్ల వద్ద ఆగిపోవుచున్నది అనునదే నేను చెప్పదలచిన విషయము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు వరకు కరీంనగరం జిల్లాలోనివే. ఇప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల తన పేరిటి జిల్లాలోను ఉన్నవి. జిల్లాలు మారినను ఈ మూడింటికి సమానమైన లక్షణమొకటి మారలేదు. ఇంటిలో ఒకడు ఊరిలో ఉండడు. సిరిసిల్ల పద్మశాలి కుటుంబములవారు మగ్గము వెంట భివండీకి, బొంబాయికి, షోలాపురమునకు, సూరతుకు పోయిరి. కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల రైతుబిడ్డలు చమురు దేశములలో పనులు పెరిగిన 1970 దశకము మొదలుకొని దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ త్రోవ పట్టిరి. ఇంట మిగిలినది తల్లి, బీడీలు చుట్టుచు పిల్లలను పెంచు భార్య, గోడమీది పటము.

ఇట్టి కుటుంబములకు ఊరి వైద్యుడే చుట్టము వంటివాడు. వానికి మూడు తరముల రోగములు తెలియును. తండ్రికి మధుమేహము ఎప్పుడు వచ్చినదో, పెద్దకొడుకునకు ఏ మందు పడదో, కాగితము చూడనక్కరలేకయే చెప్పగలడు. కావున దేశాంతరమున ఉన్నవానికి తల తిరిగినచో వాని భార్య ఫోను చేతబట్టుకొని ఆ వైద్యుని వాకిట నిలుచును. “సార్, ఆయనకు మళ్ల తల తిరుగుతున్నదట. గోలీ మార్చాల్నా?” అని అడుగును. వైద్యుడు ఫోను అందుకొని రెండు మాటలడిగి, మందు పేరు చెప్పును. ఏ శాసనసభయు చట్టము చేయకముందే, ఏ అధికారియు పేరు పెట్టకముందే ఈ వైద్యము జరుగుచుండెను. చట్టము దీని వెనుక నడచి వచ్చినది.

చట్టమునకు మొదట ఎదురైన చిక్కు మన రాజ్యాంగములోనిది. ప్రజారోగ్యమును, ఆసుపత్రులును రాష్ట్రముల జాబితాలో 6వ అంశము. వైద్యవృత్తి కేంద్రమునకును రాష్ట్రములకును ఉమ్మడిగా నున్న జాబితాలో 26వ అంశము. టెలిఫోను, తంతి, రేడియో కేంద్రపు జాబితాలో 31వ అంశము. భివండీ నుండి సిరిసిల్ల వైద్యునితో మాటలాడు సాంచాల కార్మికుడు ఒక్క పిలుపుతో మూడు జాబితాలను తాకుచున్నాడన్నమాట. ఇట్టి తావున కేంద్రము ఒకటి, మహారాష్ట్రము ఒకటి, తెలంగాణము ఒకటి చెప్పినచో రోగి గతి ఏమి?

మనకు ఆ గతి పట్టలేదు. దానికి కారణము 1956లో చేసిన భారత వైద్యమండలి చట్టము. దాని 27వ సెక్షను, భారత వైద్యుల పట్టికలో పేరున్న వ్యక్తి తన అర్హతను బట్టి దేశమున ఎచ్చటనైనను వైద్యము చేయవచ్చునని స్పష్టముగా చెప్పెను. 2014 జూన్ 2న ఒక రాష్ట్రము రెండైనపుడు హైదరాబాదు వైద్యుని వద్ద మందు తీసికొనుచుండిన గుంటూరు రోగి రాత్రికి రాత్రి పరరాష్ట్రపు రోగియయ్యెను. అయినను వైద్యము ఆగలేదు. వేరొక రాష్ట్రమున స్థిరపడి వైద్యశాల తెరచువాడు అచ్చటి మండలిలో పేరు మార్పించుకొనవలెను గాని, ఎల్ల దాటి వచ్చిన రోగిని చూచుటకు కొత్త అనుమతి అక్కరలేకపోయెను. 1956 నాటి చట్టము 2020 సెప్టెంబరులో తొలగి, జాతీయ వైద్య కమిషను చట్టము దాని స్థానమునకు వచ్చినది. జాతీయ పట్టిక అను భావము మాత్రము నిలిచియే యున్నది.

ఇది ఎంత మేలో మన అమెరికా తెలుగువారిని అడిగినచో తెలియును. ఆ దేశమున వైద్యుని అనుమతి రాష్ట్రమునకు చెందినది. రోగి ఏ రాష్ట్రమున కూర్చుండి ఫోను ఎత్తెనో ఆ రాష్ట్రములో వైద్యము జరిగినట్లు లెక్క. హూస్టను వైద్యుడు తనకు పదేండ్లుగా తెలిసిన రోగియే పక్క రాష్ట్రమునకు పోయి పిలిచినను, అచ్చటి అనుమతి లేనిచో సాధారణముగా మందు వ్రాయరాదు. ఈ చిక్కు విప్పుటకు ఆ రాష్ట్రములు తమలో తాము ఒడంబడిక చేసికొన్నవి. 2017 నుండి దాని క్రింద అనుమతులు ఇచ్చుచున్నారు. సుమారు 40 రాష్ట్రములు అందులో చేరినవి. అప్పటికిని ఒకే అనుమతి దేశమంతటికి చెల్లదు. ఏ రాష్ట్రపు అనుమతి ఆ రాష్ట్రమే ఇచ్చును; దరఖాస్తు మాత్రము త్వరగా తేలును. 2020లో కరోనా వచ్చినపుడు పెక్కు రాష్ట్రములు నియమములను సడలించినవి. ఉపద్రవము తగ్గగనే ఆ సడలింపులు చాలవరకు తొలగినవి. వారు ఎంతో శ్రమపడి వెదకుచున్న ద్వారము మన ఇంటికి మొదటినుండియు ఉన్నది.

అయినచో మన దేశమున దూరవైద్యమునకు ఇంతకాలము అడ్డమేమి? అడ్డము ఎల్ల కాదు. చట్టము మౌనముగా నుండుటయే. ఎవరును వలదనలేదు, ఎవరును ఔననలేదు. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున 2000లో అపోలోవారు దూరవైద్య కేంద్రమును తెరచిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో 104 అను అంకెతో ఫోనులో ఆరోగ్యసలహా చెప్పు ఏర్పాటు వచ్చెను. ఇవి బాగుగా నడచినవి. కాని 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలో దూరవైద్యమును గూర్చి వైద్యునికి దారిచూపు విధి లేకుండెను. ఇట్లుండగా 2018లో బొంబాయి హైకోర్టుకు రత్నగిరి నుండి ఒక వ్యవహారము వచ్చెను. ప్రసవమైన స్త్రీకి జబ్బు తిరుగబెట్టగా, వైద్యులు ఊరలేక, ఫోనులోని మాటపై మందులిచ్చిరి. ఆమె మరణించెను. వైద్యులకు ముందస్తు జామీను ఇచ్చుటకు న్యాయస్థానము నిరాకరించెను. నిజమునకు అది వైద్యుడు లేని ఆసుపత్రిని గూర్చిన వ్యవహారము. దేశమందలి వైద్యులు మాత్రము ఫోనులో మందు చెప్పినచో జైలు అని చదువుకొనిరి. పుస్తకములో లేని భయము మనుష్యులలో ఎక్కువగా పనిచేయును.

ఆ భయము పోవుటకు మహమ్మారి రావలసివచ్చినది. దేశము తలుపులు మూసికొన్న 2020 మార్చి 25వ తేదీనే దూరవైద్య మార్గదర్శకములు వెలువడినవి. ఆ మే నెలలో ప్రభుత్వ గెజెటు ద్వారా అవి 2002 నియమావళికి 5వ అనుబంధముగా చేరినవి. అందులోని ముఖ్యమైన వాక్యము చిన్నది. పట్టికలో పేరున్న వైద్యుడు భారతదేశమున ఏ భాగమునందలి రోగికైనను దూరవైద్యము చేయుటకు అర్హుడు. జిల్లా లేదు, రాష్ట్రము లేదు, భాష లేదు. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నియమావళి ఆ నెలలోనే నిలుపుదల కాగా, ఈ పాత నియమావళియే అమలులో మిగిలినది.

ఇచ్చట ఒక పదమును గూర్చి చెప్పక తప్పదు. ఆ మార్గదర్శకములు వైద్యుని ఆర్.ఎం.పి. అని పేర్కొన్నవి. పట్టికలో పేరున్న, ఆధునిక వైద్యపట్టము పొందిన వైద్యుడని దాని అర్థము. మన పల్లెలలో ఆర్.ఎం.పి. అనగా ఎవరో అందరికి తెలిసినదే. పట్టము లేకయే సంచి పట్టుకొని ఇంటింటికి తిరిగి సూది వేయునాయన. ఒకే మూడక్షరములు చట్టములో ఒకరిని, కోరుట్ల సందులో మరియొకరిని తెలుపుచున్నవి. ఆర్.ఎం.పి. ఫోనులో మందు చెప్పవచ్చునని చట్టమే అన్నదట అని ఎవరైన మీతో చెప్పినచో, ఏ ఆర్.ఎం.పి. అని అడుగవలెను. ఫోనులో వైద్యము చేయువాడు తన మందుచీటీపై పట్టిక సంఖ్యను వేయవలెనని నియమము. ఆ సంఖ్య లేని చీటీ చీటీ కాదు.

భివండీలో సాంచాలు నడుపు సిరిసిల్లవాసి నొకనిని ఊహింతము. ఏబదియేండ్లవాడు, రక్తపు పోటు కలవాడు. బతుకమ్మ పండుగకు ఇంటికి వచ్చి ఊరి వైద్యునికి చూపించుకొని, మందు వ్రాయించుకొని తిరిగి పోయెను. మూడు నెలలకు పోటు తగ్గలేదని ఫోను చేసెను. వైద్యుడు పాత మందునకు తోడుగా మరియొక మందును ఫోనులోనే వ్రాయవచ్చును. ఎదుట చూచిన ఆరు నెలల లోపల, ఆ జబ్బునకే అయినచో, చట్టము దీనిని తిరిగి చూచుటగా పరిగణించును. ఏడవ నెలలో పిలిచినచో అతడు మరల కొత్త రోగి. అపుడు బొమ్మలో కనిపింపవలెను, మందుల జాబితాయు చిన్నదగును. జ్వరపు మాత్ర, లవణద్రవము వంటివి ఏ రీతిగా మాటలాడినను చెప్పవచ్చును. మత్తుమందులు, వాటివంటి కఠిన నియంత్రణలోని మందులు ఫోనులో ఎన్నడును వ్రాయరాదు.

ఆ మనిషియే ఈసారి దగ్గుచున్నాననియు, మెట్లెక్కినచో ఆయాసము వచ్చుచున్నదనియు చెప్పెననుకొందము. ఇది పాత జబ్బు కాదు. నూలుదుమ్ము ఊపిరితిత్తులకు చేయు కీడు సాంచాల ఊరి వైద్యునికి తెలియనిది కాదు. అనుమానము అతనికి వెంటనే వచ్చును. అయినను ఛాతిపై గొట్టము పెట్టి వినక నిర్ణయింపరాదు. అచ్చటనే ఎవరికైనను చూపించుకొమ్మని పంపుటయే అతని విధి. ఇట్లు పంపివేయు అధికారమును మార్గదర్శకములు వైద్యునికి పూర్తిగా ఇచ్చినవి. ఫోనులో చూచుట చాలునా చాలదా అను నిర్ణయము అతనిదే. నా దృష్టిలో ఆ నియమములన్నిటిలో విలువైనది ఇదియే. రోగి బలవంతపెట్టినను, మధ్యనున్న సంస్థ తొందరపెట్టినను, చాలదని చెప్పగలవాడే వైద్యుడు. యంత్రబుద్ధితో నడచు సాధనములు వైద్యునికి తోడ్పడవచ్చును గాని అవియే రోగికి సలహా చెప్పి మందు వ్రాయరాదని కూడ ఆ మార్గదర్శకములలో ఉన్నది.

మందుచీటీ భివండీ అంగడిలో చెల్లునా అను సందేహము పలువురికి కలదు. వైద్యుడు సంతకము చేసిన చీటీ ఛాయాచిత్రముగా గాని, సంతకపు గుర్తుతో కూడిన ఎలక్ట్రానిక్ చీటీగా గాని పంపవచ్చును. మందు అసలు పేరు ఇంగ్లీషు పెద్దక్షరములలో ఉండవలెనని మార్గదర్శకములలోని నమూనా చూపుచున్నది. తెలుగులో విని ఇంగ్లీషులో వ్రాసినదానిని మరాఠీ అంగడివాడు చదువును. సంప్రదింపునకు రుసుము ఎదుట చూచినపుడు తీసికొనునట్లే తీసికొనవచ్చును, రసీదు ఇయ్యవలెను. మొగమాటముచేత ఉచితముగా చెప్పిన సలహాకు లెక్కయుండదు, కాగితముండదు, రేపు అడుగుటకు ఆధారముండదు. చుట్టరికము కంటె రసీదే రోగికి ఎక్కువ రక్షణ.

ఇంతవరకు చట్టము చక్కగానున్నది. ఏర్పాటు మాత్రము చట్టముతో సమముగా నడువలేదు. ప్రభుత్వము 2019లో మొదలుపెట్టి, 2020 ఏప్రిలు నుండి ఇంటిలోని రోగికి కూడ తెరచిన ఈ-సంజీవని గొప్ప పనిచేసినది. 2023 ఫిబ్రవరి నాటికే దాని సంప్రదింపులు 10 కోట్లు దాటినవి. పల్లెలోని ఉపకేంద్రమున కూర్చున్న రోగిని పట్టణ వైద్యునికి చూపుటలో దానికి సాటి లేదు. కాని అది రాష్ట్రములవారీగా కట్టినది. ఏ రాష్ట్రపు వరుసలో నిలిచినచో ఆ రాష్ట్రపు వైద్యుడు పలుకును. మహారాష్ట్రములోనున్న తెలుగువానికి సహజముగా తట్టునది మహారాష్ట్రపు వరుస. అచ్చట అతడు హిందీలో ‘చక్కర్’ అని చెప్పి ఊరుకొనును. తల తిరుగుటయా, కన్నులు బైర్లుగమ్ముటయా, ఒళ్లు తూలుటయా అను భేదము ఆ ఒక్క మాటలో మునిగిపోవును. చట్టము ఎల్లలు చెరిపినది. ఏర్పాటు వాటిని మరల గీసినది. పనివారు ఎక్కువగా పోవు పరరాష్ట్ర పట్టణములకు వారి భాషలో పలుకు వైద్యుల వరుసను ఒకటి తెరచుట కొత్త శాసనమక్కరలేని పని. మనోవ్యథలకు 2022 అక్టోబరులో వచ్చిన టెలీ-మానస్, అనగా 14416 సంఖ్య, ఈ మార్గములో ఒక అడుగు ముందున్నది. అందులో భాషను ఎన్నుకొనవచ్చును.

ఇక సముద్రము. జగిత్యాల, కోరుట్ల ఇండ్లకు అసలు ఎల్ల ఇదియే. 2020 మార్గదర్శకములు తమ పరిధిని చెప్పుచు, భారతదేశపు అధికారపరిధికి వెలుపలి సంప్రదింపులు ఇందులోనికి రావని స్పష్టము చేసినవి. భివండీ రోగికి తెరచిన తలుపు దుబాయి రోగికి మూసినదేయని గ్రహింపవలెను. ఆవలి ఒడ్డున మరియొక తలుపు. దుబాయిలోనున్న రోగికి దూరవైద్యము చేయువారు అచ్చటి ఆరోగ్యాధికార సంస్థ అనుమతి పొందవలెను. ఆ దేశము 2019లో చేసిన చట్టము అచ్చటి రోగుల ఆరోగ్యవివరములు దేశము దాటరాదని చెప్పి, 2021లో కొన్ని మినహాయింపులను మాత్రము ఇచ్చినది. జగిత్యాల వైద్యుడు దుబాయి కూలివానితో ఫోనులో మాటలాడుచున్నపుడు అతనికి ఈ ఒడ్డున రక్షణ లేదు, ఆ ఒడ్డున అనుమతి లేదు.

అచ్చట వైద్యులు లేరా యని అడుగవచ్చును. ఉన్నారు, మంచివారే ఉన్నారు. దుబాయి 2013లోనే ఆరోగ్యభీమా చట్టము చేసెను. 2025 జనవరి నుండి ఆ దేశమంతటను యజమాని తన పనివానికి భీమా చేయించుట విధియైనది. కావున ఆసుపత్రి ఉన్నది, భీమా ఉన్నది. లేనిది మాట. అరబ్బీ, ఇంగ్లీషు రాని మేస్త్రీ శిబిరమున తోటివానిని వెంటబెట్టుకొని పోయి, వానికి వచ్చిన హిందీలో తన రోగము చెప్పించుకొనును. చెప్పుటకు సిగ్గుపడు రోగములు అట్లు ఎన్నటికిని బయటికి రావు. నిద్రపట్టకపోవుట, అప్పుల దిగులు, చావవలెనను తలపు – వీనిని దుబాసీ ముందు ఎవడు చెప్పును? అట్టివాడు రాత్రి పూట ఇంటికి ఫోను చేసి మరునాటి వంటను గూర్చి మాటలాడి పెట్టివేయును.

చట్టము ఆగినచోట సంచి మొదలగును. ఊరికి వచ్చినవాడు తిరిగి పోవునపుడు పది ఇండ్లవారు మందుల పొట్లములు ఇచ్చిపంపుదురు. ఇందలి అపాయమును ప్రతి ఇల్లును తెలిసికొనవలెను. మన అంగడిలో నొప్పులకు ఇచ్చు ట్రమడాల్, దగ్గుమందులో కలియు కొడీన్ వంటివి ఐక్య అరబ్ ఎమిరేట్లలో నియంత్రిత ద్రవ్యములు. ముందుగా అనుమతి పొందక తీసికొనిపోయినవారు నిర్బంధింపబడవచ్చును. తాను మోయుచున్నది ఎవరి పొట్లమో, అందేమున్నదో తెలియదన్నచో అచ్చటి న్యాయము విడువదు. మందుల మాట అటుంచుడు. మన మసాలాలో వేసికొను గసగసాలు కూడ ఆ దేశమున నిషిద్ధములు. కొడుకునకు ప్రీతియని పచ్చళ్లతో కట్టిపంపు తల్లికి ఆ సంగతి ఎవరు చెప్పిరి?

మరి చట్టము ఎట్లుండవలెను? లోకమున రెండు పద్ధతులున్నవి. ఒకటి అమెరికా రాష్ట్రములది – రోగి ఎచ్చటనో వైద్యము అచ్చట. రెండవది ఐరోపా కూటమిది. 2011లో వారు చేసిన శాసనము ప్రకారము దూరవైద్యము జరిగిన చోటు వైద్యుడు స్థిరపడిన దేశమే. మొదటిదానిలో రోగికి ధైర్యమెక్కువ. పొరపాటు జరిగినచో తన ఊరిలోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. రెండవదానిలో వైద్యునికి సులువెక్కువ; రోగి మాత్రము పరదేశపు న్యాయస్థానము మెట్లెక్కవలసివచ్చును. చదివినవారు చాలమంది మొదటి పద్ధతియే న్యాయమందురు. సామాన్యముగా అది నిజమే.

కాని కోరుట్ల విషయములో ఈ తర్కము తలక్రిందులగును. మన రోగికి పరదేశము తానున్న చోటు. వైద్యుడున్న చోటే వాని స్వస్థలము. వాని భార్య, వాని తండ్రి, వాని ఓటు, వాని భూమి ఆ వైద్యుని ఊరిలోనే ఉన్నవి. తప్పు జరిగినచో తెలంగాణ వైద్యమండలికి అర్జీ పెట్టుట దుబాయి అధికారికి అర్జీ పెట్టుటకంటె వాని కుటుంబమునకు వేయిరెట్లు సులభము. కావున గల్ఫు దేశములతో మనము చేసికొను ఒప్పందములో, వైద్యుడున్న చోటే వైద్యము జరిగినట్లు భావింపవలెనని నేనందును. ఐరోపాలో వైద్యునికి అనుకూలమైన నియమము ఇచ్చట రోగికి అనుకూలమగును.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. తలుపు తెరచిన మరునాడే హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులు గల్ఫు కార్మికుల శిబిరములపై ప్రకటనలు కురిపింపవచ్చును. ఎన్నడును చూడని రోగికి ఫోనులోనే పరీక్షలు వ్రాసి, శస్త్రచికిత్సకు విమానమెక్కించుట వారికి కష్టము కాదు. అందుచేత ఒప్పందమును మొదట తిరిగి చూచుటకే పరిమితము చేయవలెను. ఊరికి వచ్చినపుడు ఎదుట చూచిన వైద్యుడే, ఆ జబ్బునకే, ఒక గడువు లోపల. భివండీ రోగికి ఆరు నెలలు చాలును. రెండేండ్లకొకసారి వచ్చు గల్ఫు కార్మికునికి గడువు అంతకంటె పొడుగుండవలెను. దిగులును, నిద్రలేమిని వినుటకు మాత్రము ఈ షరతు పెట్టరాదు. మందు వ్రాయక, మాట వినుటకే అయినచో తలుపు విశాలముగా తెరవవచ్చును. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలైనవి. ఇట్టి రోగుల భాషయు, బ్రతుకును తెలిసిన యువవైద్యులు ఆ ఊళ్లలోనే తయారగుచున్నారు. వారి ఆసుపత్రులలో సాయంకాలము రెండు గంటలు పరదేశమునందలి జిల్లావాసుల కొరకు కేటాయించుట ఎంత పని? ఒప్పందమే లేదు గాని.

రెండవ ఆక్షేపణ గట్టిది. ఎడారిలో ఛాతి నొప్పి వచ్చినవాడు దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తక, ఊరి వైద్యుని సంఖ్య నొక్కుచు కూర్చుండునేమో యని భయము. ఇది నిజముగా జరుగగల కీడు. మన మార్గదర్శకములు కూడ ప్రాణాపాయములో ఫోనును ప్రథమ చికిత్స చెప్పుటకును, ఆసుపత్రికి పంపుటకును మాత్రమే వాడుమన్నవి. ఎమిరేట్లలో ఆంబులెన్సునకు 998, సౌదీలో 997. ఈ సంఖ్యలు ఊరిలోని భార్యకు కూడ తెలిసియుండవలెను. శిబిరములోనివాడు మొదట పిలుచునది ఆమెనే.

ఎదురు దిశలో వైద్యమునకు చిక్కు తక్కువ. దుబాయిలోని కొడుకు కోరుట్లలోని తల్లికి హైదరాబాదు వైద్యుని ఫోనులో ఏర్పాటు చేసినచో, వైద్యుడును రోగియు భారతదేశముననే ఉన్నారు. చట్టమునకు అభ్యంతరము లేదు. కాని తల్లి వయసు వచ్చిన మనిషి, తెలివిలోనున్న మనిషి. ఆమె లేనప్పుడు ఆమె బదులు కొడుకు మాటలాడవలెనన్నచో ఆమె సమ్మతి వైద్యునికి తెలిసియుండవలెను. డబ్బు పంపుట ఆ సమ్మతికి సమము కాదు. అమెరికాలో వైద్యులైన కొడుకులు, కోడళ్లు జగిత్యాలలోని పెద్దలకు నిత్యము ఫోనులో మందులు చెప్పుచునే యున్నారు. ఇచ్చటి పట్టికలో వారి పేరు లేనిచో అది బిడ్డ చెప్పిన మాటయే గాని వైద్యుని చీటీ కాదు. అంగడివాడు దానిపై మందు ఇయ్యరాదు. ఊరి వైద్యునితో వారే మాటలాడినచో మేలు.

ఒప్పందము వచ్చువరకు గల్ఫు ఇండ్లవారు చేయగలది ఒకటి కలదు. సెలవుపై వచ్చినవాడు తిరుగు ప్రయాణమునకు వారము ముందే ఊరి వైద్యుని వద్దకు పోవలెను. వ్యాధి పేరు, మందుల అసలు పేర్లు, మోతాదు, పడని మందులు, ఇటీవలి పరీక్షల ఫలితములు ఒక పుటలో ఇంగ్లీషున వ్రాయించి, సంతకమును, పట్టిక సంఖ్యను వేయించుకొనవలెను. ఒక ప్రతి సంచిలో, ఒక ప్రతి ఇంటిలో ఉండవలెను. దుబాయిలో చూచు వైద్యునికి ఆ పుట చూపినచో, మేస్త్రీ చెప్పలేనిది అది చెప్పును. తీసికొనిపోవు మందులలో ఆ దేశమున నియంత్రితమైనవి ఉన్నవేమో వైద్యునితోనే సరిచూపించి, ఉన్నచో ఆ దేశపు ఆరోగ్యశాఖ అనుమతిని బయలుదేరుటకు ముందే అడుగవలెను.